ఫార్మాట్ కొట్టే ముందు

(హనుమకొండలో కంప్యూటర్ రిపేర్ నేర్చుకుంటున్న యువతకు, చిన్న షాపుల వాళ్లకు ఇచ్చిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో పాలిటెక్నిక్ పిల్లలు కూర్చున్నారు. వెనకాల చౌరస్తా షాపుల్లో పనిచేసే తమ్ముళ్లు, నెట్ సెంటర్ నడిపే అక్కలు, ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణాల లెక్కలు చూసే అన్నలు ఉన్నారు. జమ్మికుంట నుంచి, జనగామ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. అందరికీ అర్థం కావాలి కాబట్టి ముందే తెలిసినవాళ్లు కొంచెం ఓపిక పట్టండి.

ఇవాళ మనం తయారు చేసేది ఒక పెన్‌డ్రైవ్. సిస్టంలో ఉన్న విండోస్ లేవకపోయినా ఈ పెన్‌డ్రైవ్ నుంచి సిస్టం లేస్తుంది, లోపలి డిస్కులో ఏముందో చూపిస్తుంది. మనలో చాలామందికి ఇది విండోస్ ఎక్కించే పెన్‌డ్రైవ్‌గానే తెలుసు. నా లెక్కలో విండోస్ ఎక్కించడం దీని ఆఖరి పని. మొదటి పని, లోపల ఉన్నదాన్ని చెక్కుచెదరకుండా బయటికి తీయడం.

సిస్టం లేవట్లేదని ఎవరైనా తెస్తే మన షాపుల్లో వినిపించే మొదటి మాట "ఫార్మాట్ కొట్టాలి", అంటే డిస్కును ఖాళీ చేసి విండోస్ కొత్తగా ఎక్కించాలి. రెండో మాట "డేటా పోతుంది, పర్లేదా?". ఆ మాట అనేటప్పుడు కౌంటర్ అవతల నిలబడ్డ మనిషి మొహం ఒకసారి చూడండి. కాకతీయ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న అమ్మాయి అయితే థీసిస్ మొత్తం అందులోనే ఉంటుంది. ఫొటో స్టూడియో ఆయనైతే ఇంకా ఆల్బం ప్రింటుకు వెళ్లని పెళ్లి ఉంటుంది. అడ్తి దుకాణమైతే పత్తి సీజన్ లెక్కంతా ఉంటుంది. వాళ్లు "పర్లేదు సార్" అన్నారంటే వేరే దారి లేదనుకుని అంటున్నారు. దారి ఉందని చెప్పాల్సింది మనం.

ఈ మాట ఇప్పుడు ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పాత హార్డ్ డిస్కుల కాలంలో ఫార్మాట్ కొట్టినా కొంత దిక్కుండేది. క్విక్ ఫార్మాట్‌లో ఫైళ్ల జాబితా మాత్రమే కొత్తగా మొదలవుతుంది. అసలు సమాచారం దాని మీద వేరేది రాసేదాకా డిస్కు మీదే ఉంటుంది. అందుకే పొరపాటున ఫార్మాట్ అయిన డిస్కుల నుంచి టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లతో ఎంతోమంది ఫొటోలు వెనక్కి తెచ్చుకున్నారు.

ఇప్పుడు వచ్చే ల్యాప్‌టాప్‌లన్నిట్లో దాదాపుగా ఎస్ఎస్‌డీలే, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో సమాచారం దాచే డిస్కులే. ఎస్ఎస్‌డీ పని తీరు వేరు. ఒక ఫైల్ తీసేసినా, పార్టిషన్ (డిస్కులో ఒక భాగం) ఫార్మాట్ చేసినా విండోస్ వెంటనే ట్రిమ్ అనే ఆదేశం పంపుతుంది. "ఈ గదులు ఇక అక్కర్లేదు" అని ఎస్ఎస్‌డీకి చెప్పేస్తుంది. ఎస్ఎస్‌డీ వాటిని ఖాళీ చేసుకుంటుంది. తర్వాత ఏ రికవరీ సాఫ్ట్‌వేర్ పెట్టి చదివినా సున్నాలే కనిపిస్తాయి. విండోస్ 7 నుంచే ఈ ట్రిమ్ ఉంది. మన అలవాట్లు మాత్రం హార్డ్ డిస్కు కాలంలోనే ఆగిపోయాయి. "ముందు ఫార్మాట్ కొడదాం, కావాలంటే తర్వాత రికవర్ చేద్దాం" అనే మాట ఎస్ఎస్‌డీ దగ్గర చెల్లదు.

దానికి తోడు బిట్‌లాకర్ వచ్చింది. డిస్కు మీద ఉన్నదంతా తాళం వేసి ఉంచే పద్ధతి ఇది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి, కొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలా సిస్టంలలో ఈ తాళం దానంతట అదే పడుతుంది. హోమ్ ఎడిషన్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో ఇదే జరుగుతుంది. వాడేవాళ్లకు తాళం పడిన సంగతే తెలియదు. ఏదో ఒకరోజు నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అప్పుడు టెన్షన్ మొదలవుతుంది. ఆ కీ సాధారణంగా వాళ్ల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే ఉంటుంది. ఫోన్‌లో ఆ అకౌంట్ తెరిచి డివైసెస్ దగ్గర చూస్తే కనిపిస్తుంది. చిక్కెక్కడ వస్తుందంటే, ల్యాప్‌టాప్ కొన్నరోజు షాపులో కుర్రాడు హడావిడిగా ఏదో ఒక మెయిల్ ఐడీ సృష్టించి సెటప్ పూర్తి చేసి ఇచ్చేస్తాడు. ఆ ఐడీ, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండవు. కొత్త ల్యాప్‌టాప్ సెటప్ చేసిచ్చే తమ్ముళ్లు దయచేసి ఒక పని చేయండి. కొన్నవాళ్ల సొంత మెయిల్‌తోనే చేయించండి. రికవరీ కీ కాగితం మీద ప్రింట్ తీసి బిల్లుతో పాటు చేతికివ్వండి. ఐదు నిమిషాల పని, ఒక మనిషి ఏళ్ల కష్టాన్ని కాపాడుతుంది.

ఈ కీ ఎంత ముఖ్యమో 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ సిస్టంలు నీలం తెరతో ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అప్పుడు చాలా చోట్ల చేసిన మరమ్మతు ఏమిటో తెలుసా? ఒక్కో సిస్టం దగ్గరికి మనిషి వెళ్లి, అవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లోనో పెన్‌డ్రైవ్ నుంచో బూట్ చేసి (అంటే సిస్టం లేపి), డ్రైవర్స్ ఫోల్డర్‌లో ఉన్న ఒక ఫైల్ తీసేయడం. అందుకోసం మైక్రోసాఫ్ట్ బూటబుల్ పెన్‌డ్రైవ్ తయారు చేసే టూల్ కూడా విడుదల చేసింది. బిట్‌లాకర్ ఉన్న చోట చాలాసార్లు ఆ 48 అంకెలు కొట్టనిదే పని ముందుకు కదల్లేదు. అన్ని లక్షల సిస్టంలలో ఫార్మాట్ కొట్టాల్సిన సమస్య కాదది. ఒక్క ఫైల్ తీస్తే సరిపోయింది.

సరే, తయారీకి వద్దాం.

పెన్‌డ్రైవ్ 64 జీబీ తీసుకోండి, 32 అయినా నడుస్తుంది. యూఎస్‌బీ 3 అయి ఉండాలి. బిల్లు ఇచ్చే చోట కొనండి. రెండు టీబీ పెన్‌డ్రైవ్ మూడు వందలకే అని ఆన్‌లైన్‌లో కనిపిస్తే అది నకిలీ అని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. లోపల చిన్న చిప్ పెట్టి పెద్ద సైజు చూపించేలా మార్చేస్తారు. చిప్ నిండాక వచ్చే ఫైళ్లు రాసినట్టే కనిపిస్తాయి, తెరిస్తే ఏమీ ఉండదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్ మొత్తం నింపి, మళ్లీ చదివి, అసలు సామర్థ్యం ఎంతో చెప్పేస్తుంది. కొత్త పెన్‌డ్రైవ్ ఏదైనా ముందు ఈ పరీక్ష పెట్టండి. మనిషి డేటా దాని మీదికి తీశాక తెలిస్తే లాభం లేదు.

దాని మీద వెంటాయ్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తాం. ఇదివరకు ఒక్కో ఐఎస్ఓకి, అంటే ఇన్‌స్టాల్ డిస్కు మొత్తం ఒకే ఫైల్‌గా ఉండే దానికి, ఒక్కో పెన్‌డ్రైవ్ చేసుకునేవాళ్లం. రూఫస్ అనే టూల్ ఆ పని ఇప్పటికీ చక్కగా చేస్తుంది, విండోస్ ఒక్కటే కావాలంటే అదే చాలు. వెంటాయ్ 2020లో వచ్చింది, ఇదీ ఉచితమే. పెన్‌డ్రైవ్‌ను రెండు భాగాలు చేస్తుంది. 32 ఎంబీ చిన్న భాగంలో తను ఉంటుంది. మిగిలిన పెద్ద భాగం మామూలు పెన్‌డ్రైవ్ లాగే కనిపిస్తుంది. ఐఎస్ఓ ఫైళ్లు అందులో కాపీ పేస్ట్ చేస్తే అయిపోయింది. బూట్ చేసినప్పుడు ఆ ఫైళ్ల పేర్లతో మెనూ వస్తుంది, కావాల్సింది ఎంచుకోవడమే. ఆ పెద్ద భాగం ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో ఉంటుంది కాబట్టి నాలుగు జీబీ దాటిన ఫైళ్లతో గొడవ లేదు. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో విండోస్ ఫైళ్లు చేత్తో కాపీ చేస్తుంటే మధ్యలో "ఫైల్ చాలా పెద్దది" అని ఆగిపోవడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఫ్యాట్32లో ఒక్క ఫైల్ నాలుగు జీబీకి మించకూడదు, విండోస్ ఇన్‌స్టాల్ ఫైల్ ఇప్పుడు అంతకన్నా పెద్దది. కారణం అదే.

వెంటాయ్ ఎక్కించేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. అది రెండుసార్లు అడుగుతుంది, రెండుసార్లూ చదివి ఓకే కొట్టండి. ఇంకో మాట. సిస్టంకు బ్యాకప్ హార్డ్ డిస్కు తగిలించి ఉంటే ముందు అది పీకేయండి. పై జాబితాలో ఏ డ్రైవ్ ఎంచుకున్నామో చూసుకోకుండా ఇన్‌స్టాల్ నొక్కితే పోయేది బ్యాకపే.

ఏ ఐఎస్ఓలు పెట్టుకోవాలి? విండోస్ 11, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దింపిందే. లినక్స్ మింట్, విండోస్ బదులు పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉచిత సిస్టం. సిస్టంరెస్క్యూ, డిస్కును కాపాడే టూల్స్ ఉన్నది. క్లోన్‌జిల్లా, డిస్కు మొత్తానికి నకలు తీసేది. మెమ్‌టెస్ట్86 ప్లస్, ర్యామ్‌ను పరీక్షించేది. విండోస్ తెరే అలవాటు ఉన్నవాళ్లకు హైరెన్స్ బూట్ సీడీ పీఈ. ఇవి చాలు, ఇరవై పెట్టుకుని ఏది దేనికో తెలియకపోవడం కన్నా ఆరు పెట్టుకుని ఆరూ నేర్చుకోవడం మేలు. ఎవరో ఇచ్చిన "ఆల్ ఇన్ వన్" విండోస్, ముందే క్రాక్ చేసినది, దయచేసి పెట్టొద్దు. అందులో ఏం కలిపారో మీకు తెలియదు. అది ఎక్కించిన సిస్టంలోనే మనిషి బ్యాంకు పాస్‌వర్డ్ కొడతాడు. దింపిన ప్రతి ఐఎస్ఓకీ ఆ సైటులో ఎస్‌హెచ్‌ఏ256 అని పొడవాటి సంఖ్య ఇస్తారు. విండోస్‌లోనే ఉన్న సర్ట్‌యుటిల్ కమాండ్‌తో మన ఫైల్ సంఖ్య తీసి పోల్చి చూడండి. మన నెట్ మధ్యలో తెగిపోతూ వస్తుంది కాబట్టి ఫైల్ సగం పాడై దిగడం మామూలే. ఇన్‌స్టాల్ 60 శాతం దగ్గర ఎర్రర్ వస్తే డిస్కును తిట్టుకునే ముందు ఈ సంఖ్య చూడాలి.

ఇక బూట్ చేయడం. సిస్టం ఆన్ చేయగానే, పెన్‌డ్రైవ్ ఎంచుకునే మెనూ కోసం నొక్కాల్సిన కీ డెల్, లెనోవో అయితే ఎఫ్12. హెచ్‌పీ అయితే ఎస్కేప్ నొక్కి ఎఫ్9. అసుస్ ల్యాప్‌టాప్‌కు ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12యే కానీ చాలా మోడళ్లలో ముందు బయాస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్ తెర) వెళ్లి దాన్ని ఎనేబుల్ చేయాలి. కీ ఎంత నొక్కినా విండోసే లేస్తుంటే అది ఫాస్ట్ స్టార్టప్ వల్ల కావచ్చు, త్వరగా లేవడం కోసం విండోస్ పూర్తిగా ఆగదు. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ కొడితే పూర్తిగా ఆగుతుంది.

ఇక్కడ ఒక తెర దగ్గర చాలామంది భయపడి ఆగిపోతారు, అందుకే నిదానంగా చెప్తాను. సెక్యూర్ బూట్ (నమ్మదగ్గ సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌నే లేవనిచ్చే భద్రత) ఆన్‌లో ఉన్న సిస్టంలో వెంటాయ్ మొదటిసారి పెడితే నీలం రంగు పెట్టెలో "వెరిఫికేషన్ ఫెయిల్డ్" అని వస్తుంది. పెన్‌డ్రైవ్ చెడిపోలేదు. ఓకే కొట్టండి. తర్వాత వచ్చే తెరలో పది సెకన్ల లోపు ఏదో ఒక కీ నొక్కండి. "ఎన్‌రోల్ కీ ఫ్రమ్ డిస్క్" ఎంచుకోండి. వీటీఓవైఈఎఫ్ఐ అనే పేరున్న భాగంలోకి వెళ్లండి. అక్కడ "ఎన్‌రోల్ దిస్ కీ" అని మొదలయ్యే ఫైల్ ఉంటుంది. దాన్ని ఎంచుకుని, కంటిన్యూ, ఎస్, రీబూట్. ఆ సిస్టంలో మళ్లీ అడగదు. మన సొంత సిస్టంకు ఇది బాగానే ఉంటుంది. కస్టమర్ సిస్టంలో బయటి కీ చేర్చడమంటే దాని భద్రతలో మార్పు చేసినట్టే, కాబట్టి అడిగి చేయండి. బ్యాంకులు, ప్రభుత్వ ఆఫీసుల సిస్టంలకైతే మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో చేసిన విడి పెన్‌డ్రైవ్ వాడటమే పద్ధతి. దానికి 8 జీబీ చాలు.

కొందరు ఇదంతా ఎందుకని నేరుగా సెక్యూర్ బూట్ ఆఫ్ చేసేస్తారు. బిట్‌లాకర్ ఉన్న ల్యాప్‌టాప్‌లో అలా చేస్తే, మళ్లీ విండోస్ లేచేటప్పుడు 48 అంకెల కీ అడిగే అవకాశం ఎక్కువ. అప్పటిదాకా బాగున్న సిస్టం మన చేతిలో ఆగిపోతుంది. అందుకే బయాస్‌లో చెయ్యి పెట్టే ముందు రికవరీ కీ దొరికిందా లేదా అన్నది తేల్చుకోవాలి. ఈ వరస మార్చకండి.

ఇప్పుడు అసలు పని. వెంటాయ్ మెనూలో మింట్ ఎంచుకుంటే రెండు మూడు నిమిషాల్లో డెస్క్‌టాప్ వస్తుంది. ఇదంతా ర్యామ్‌లో నడుస్తుంది, లోపలి డిస్కును తాకదు. ఆ డెస్క్‌టాప్ మీద "ఇన్‌స్టాల్ లినక్స్ మింట్" అని ఒక బొమ్మ ఉంటుంది. దాని జోలికి పోవద్దు. కుతూహలం కొద్దీ నొక్కి, నెక్స్ట్ నెక్స్ట్ కొడితే కాపాడటానికి వచ్చిన పెన్‌డ్రైవే డిస్కు తుడిచేస్తుంది.

ఫైల్ మేనేజర్ తెరిస్తే లోపలి పార్టిషన్లు కనిపిస్తాయి. బిట్‌లాకర్ ఉంటే కీ అడుగుతుంది. 2020 నుంచి లినక్స్‌కు కూడా ఆ తాళం తెరవడం వచ్చు. కొన్నిసార్లు "విండోస్ పూర్తిగా ఆగలేదు, చదవడానికి మాత్రమే తెరుస్తున్నాం" అనే అర్థంలో సందేశం వస్తుంది. కంగారు పడొద్దు, మనకు కావాల్సిందీ చదవడమే. ఒరిజినల్ డిస్కు మీద మనం ఒక్క అక్షరం కూడా రాయకూడదు. డేటా తీసేది ఇంకో బయటి హార్డ్ డిస్కులోకి.

ఏమేం తీయాలి? యూజర్స్ ఫోల్డర్‌లో ఆ మనిషి పేరు మీద ఉన్నదంతా. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ తీసి అయిపోయిందనుకోవద్దు. చాలా సిస్టంలలో డెస్క్‌టాప్ వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ వాళ్ల నెట్ నిల్వ) ఫోల్డర్ లోపల ఉంటుంది. అందులో కొన్ని ఫైళ్లు పేరుకే కనిపిస్తాయి, అసలువి క్లౌడ్‌లో ఉంటాయి. అడ్తి దుకాణాల సిస్టం అయితే ట్యాలీ డేటా ముఖ్యం. ట్యాలీప్రైమ్ డేటా మామూలుగా యూజర్స్ కింద పబ్లిక్ ఫోల్డర్‌లో ఉంటుంది, పాత ఈఆర్‌పీ 9 అయితే కొన్నిసార్లు నేరుగా సీ డ్రైవ్‌లోనే. లోపల 10000, 10001 అంటూ అంకెల పేర్లతో ఫోల్డర్లు కనిపిస్తాయి. ఒక్కో అంకె ఒక్కో కంపెనీ లెక్క. పేరు చూస్తే పనికిరాని ఫోల్డర్‌లా ఉంటుంది, రైతుకు ఇవ్వాల్సిన బాకీ నుంచి హమాలీ లెక్క దాకా అందులోనే ఉంటుంది. కస్టమర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని "ఏ సాఫ్ట్‌వేర్లు వాడతారు, ఎక్కడ సేవ్ చేస్తారు" అని అడగండి. కాపీ అయ్యాక సైజులు పోల్చండి, ఎజెక్ట్ చేసి తీయండి, ఇంకో సిస్టంలో పెట్టి నాలుగు ఫైళ్లు తెరిపించి చూపించండి.

తెరిపించడం అంటే వాళ్ల చేతనే. ఇంటి ఫొటోలు, ఆడపిల్లల ఫొటోలు, ఆస్పత్రి కాగితాలు, అన్నీ మన ముందు తెరిచి ఉంటాయి. చూడొద్దు. కాపీ చేసుకుని పెట్టుకోవద్దు. పని అయ్యాక మన డిస్కులో ఉన్న నకలు వాళ్ల ముందే తీసేయండి. మన మీద నమ్మకంతో ల్యాప్‌టాప్ వదిలి వెళ్తారు, ఆ నమ్మకం లేకపోతే మనకు పనే లేదు.

చేతిలో మింట్ లేకపోయినా, విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ ఒక్కటే ఉన్నా ఒక ఉపాయం ఉంది. సెటప్ మొదటి తెర దగ్గర షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే నల్లటి కమాండ్ తెర వస్తుంది. నోట్‌ప్యాడ్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఫైల్, ఓపెన్ అంటే కిటికీ తెరుచుకుంటుంది. కింద "ఆల్ ఫైల్స్" పెట్టుకోండి. అక్కడ ఫైళ్ల మీద రైట్ క్లిక్ చేసి కాపీ, ఇంకో డ్రైవ్‌లోకి వెళ్లి పేస్ట్. ఎంత కాపీ అయిందో చూపించదు, కాబట్టి ఆగి ఆగి చేయాలి. సీ డ్రైవ్ ఇక్కడ సీ గానే ఉంటుందన్న గ్యారంటీ లేదు, తెరిచి చూసి తేల్చుకోండి.

డిస్కే చచ్చిపోతుంటే లెక్క మారుతుంది. ఫోల్డర్ తెరవడానికి నిమిషాలు పడుతుందా, కాపీ మధ్యలో హ్యాంగ్ అవుతుందా, అయితే కాపీ పేస్ట్ ఆపేయండి. చెక్‌డిస్క్ అసలే నడపొద్దు. అది ఫైల్ సిస్టంను సరిచేయడానికి చూస్తుంది, పోతున్న డిస్కు మీద రాతలు రాస్తుంది, ఉన్న కాస్త ప్రాణం తీస్తుంది. ముందు స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి రాసుకునే లెక్కలు, చూడండి. హార్డ్ డిస్కులో కరెంట్ పెండింగ్ సెక్టర్లు (చదవడం కుదరక ఆగిన చోట్లు) సున్నా కాకుండా పెరుగుతుంటే డిస్కు వెళ్లిపోతోందని అర్థం. అప్పుడు సిస్టంరెస్క్యూలో ఉన్న డీడీరెస్క్యూ వాడాలి. అది ఫైళ్లను పట్టించుకోదు. మొత్తం డిస్కును మొదటి నుంచి చివరిదాకా ఇంకో పెద్ద డిస్కులోకి నకలు తీస్తుంది. బాగున్న చోట్లు ముందు గబగబా తీసుకుంటుంది, మొండికేసిన చోట్లకు తర్వాత తిరిగొస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. కరెంటు పోయినా, దుక్కి ఆపిన చాలు నుంచే మర్నాడు నాగలి పెట్టినట్టు అక్కడి నుంచే మొదలవుతుంది. మ్యాప్ ఫైల్ ఇవ్వకుండా నడిపితే ఈ సౌకర్యం ఉండదు, అది మర్చిపోవద్దు. ఎండాకాలంలో మంచిర్యాల, రామగుండం వైపు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, ఆ డిస్కుకు పక్కన ఫ్యాన్ పెట్టండి. గంటల తరబడి నడవాల్సిన పని ఇది. నకలు వచ్చాక టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ లాంటివన్నీ ఆ నకలు మీదే నడపాలి. ఫొటోరెక్ ఫైళ్ల పేర్లు తేలేదు, ఫొటోలు మాత్రం వస్తాయి. కెమెరా కార్డులకు కూడా బాగా పనిచేస్తుంది.

డిస్కు టిక్ టిక్‌మని కొట్టుకుంటుంటే ఇవేవీ పనికిరావు. లోపల డిస్కును చదివే హెడ్ పోయినట్టు. వెంటనే ఆపేసి, డేటా అంత ముఖ్యమైతే డేటా రికవరీ ల్యాబ్‌కు పంపమని చెప్పండి. 2023 జులై వరదల్లో మన వరంగల్ కాలనీలు మునిగినప్పుడు, భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగినప్పుడు ఇళ్లలో సామానంతా తడిసింది. నీళ్లలో తడిసిన డిస్కు కూడా అంతే. "పనిచేస్తుందేమో ఒకసారి ఆన్ చేసి చూద్దాం" అనే ఆ ఒక్కసారే ప్రమాదం. ఎండలో పెట్టొద్దు, డ్రయ్యర్ కొట్టొద్దు. గాలి చొరని కవర్లో పెట్టి, అలాగే ల్యాబ్‌కు పంపాలి.

డేటా చేతికొచ్చాక మాత్రమే రిపేరు. చాలాసార్లు విండోస్ బాగానే ఉంటుంది, లేపే ఫైళ్లు పాడవుతాయి. విండోస్ పెన్‌డ్రైవ్‌లో రిపేర్ యువర్ కంప్యూటర్, స్టార్టప్ రిపేర్ చూడండి. కాకపోతే ఆ లేపే ఫైళ్లు ఉండే, 100 ఎంబీ చుట్టుపక్కల సైజున్న ఈఎఫ్ఐ పార్టిషన్‌కు డిస్క్‌పార్ట్ కమాండ్‌లో ఒక డ్రైవ్ అక్షరం ఇచ్చి, బీసీడీబూట్ కమాండ్‌తో బూట్ ఫైళ్లు కొత్తగా రాయించొచ్చు. డిస్క్‌పార్ట్‌లో క్లీన్ అనే మాట ఎప్పుడూ అలవాటుగా కొట్టొద్దు, అది అడక్కుండానే డిస్కు తుడిచేస్తుంది. నీలం తెరలు రకరకాలుగా వస్తుంటే విండోస్‌ను అనుమానించే ముందు ర్యామ్ తీసి కాంటాక్టులు ఎరేజర్‌తో శుభ్రం చేసి, మెమ్‌టెస్ట్ ఒక పూర్తి రౌండ్ తిప్పండి.

కొత్త ల్యాప్‌టాప్‌ల గురించి ఒక్క మాట. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా మోడళ్లలో విండోస్ ఇన్‌స్టాల్ చేయబోతే అసలు డిస్కే కనిపించదు. ఎస్ఎస్‌డీ పోయిందని కొందరు కొత్తది కొనిపిస్తున్నారు. అది వీఎండీ అనే సెట్టింగ్ వల్ల. ఆ కంపెనీ సైటు నుంచి ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దింపి, విప్పిన ఫోల్డర్‌ను మన పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. లోడ్ డ్రైవర్ నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే డిస్కు కనిపిస్తుంది. బయాస్‌లో వీఎండీ ఆఫ్ చేసినా కనిపిస్తుంది కానీ, అప్పటికే ఉన్న విండోస్ లేవడం మానేస్తుంది.

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందుకే 11 ఎక్కించమని చాలామంది వస్తున్నారు. ఇంటెల్ 8వ తరం కన్నా పాతవాటిని మైక్రోసాఫ్ట్ దాదాపుగా ఒప్పుకోదు, ఆ సంగతి ముందే చెప్పండి. విండోస్‌తో పాటు అమ్మిన ల్యాప్‌టాప్‌లలో లైసెన్స్ కీ బయాస్‌లోనే ఉంటుంది. అదే ఎడిషన్ ఎక్కిస్తే నెట్ కలవగానే దానంతట అదే యాక్టివేట్ అవుతుంది. హోమ్‌కు డబ్బు కట్టిన మనిషికి ప్రో ఎక్కించి క్రాక్ కొట్టి ఇవ్వడం వాళ్ల సొమ్ము వాళ్లకు దక్కకుండా చేయడమే.

డీటీపీ సెంటర్ల పాత సిస్టంలు వేరే కథ. పాత విండోస్ ఎక్స్‌పీ మీద పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు అను ఫాంట్లు, దానికి కుదిరిన ప్రింటర్. శుభలేఖల నుంచి కరపత్రాల దాకా ఆ ఒక్క సిస్టం మీదే నడుస్తాయి. ఇక్కడ ఫైళ్లు తీస్తే సరిపోదు, ఆ అమరిక మొత్తం విలువైనది. కొత్త విండోస్‌లో మళ్లీ కుదరడం కష్టం. బాగా నడుస్తున్నప్పుడే క్లోన్‌జిల్లాతో డిస్కు మొత్తం ఇమేజ్ తీసి పెట్టండి. డిస్కు పోయిన రోజు అంతే సైజుదో, పెద్దదో ఇంకో డిస్కులోకి దించితే పొద్దున్నకల్లా పని మొదలవుతుంది. ఒక జీబీ ర్యామ్ ఉన్న సిస్టంలో మింట్ లేవదు, పాత సిస్టంల మీద నడిచే చిన్న లినక్స్, యాంటీఎక్స్ 32 బిట్ ఐఎస్ఓ ఒకటి ఉంచుకోండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(నెట్ సెంటర్ నడిపే ఒక మహిళ: పాస్‌వర్డ్ మర్చిపోయామని వస్తారు. ఈ పెన్‌డ్రైవ్‌తో తీసేయొచ్చా సార్?)

లోకల్ అకౌంట్ అయితే తీసేయొచ్చు అక్కా, హైరెన్స్‌లో అందుకు టూల్ ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్ అయితే వాళ్ల ఫోన్‌లో పాస్‌వర్డ్ మార్చుకోవడమే సులువు. కానీ ముందు ఆ ల్యాప్‌టాప్ వాళ్లదేనా అని చూడాలి. బిల్లు గానీ, పెట్టె గానీ, లోపలి అకౌంట్ పేరుతో కలిసే గుర్తింపు కార్డు గానీ చూపించమనండి. చూపించలేకపోతే చేయొద్దు.

(ఒక విద్యార్థి: ఫైళ్లన్నీ వైరస్ లాక్ చేసి డబ్బులు అడుగుతోంది. అప్పుడు?)

ముందు నెట్ తీసేయి తమ్ముడూ. ఈ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే డిస్కులో ఉన్న విండోస్ నడవదు, కాబట్టి దాని వైరస్ కూడా నడవదు. లాక్ అయిన ఫైళ్లను అలాగే బయటి డిస్కులోకి తీసి దాచు, పారేయొద్దు. యూరోపోల్, డచ్ పోలీసులు, భద్రతా కంపెనీలు కలిసి 2016లో నో మోర్ ర్యాన్సమ్ అని ఒక సైటు పెట్టారు. లాక్ అయిన ఒకట్రెండు ఫైళ్లు అక్కడ ఇస్తే ఏ రకమో చెప్తుంది, తాళం దొరికిన రకమైతే టూల్ ఉచితంగా ఇస్తుంది. ఇవాళ లేకపోయినా తర్వాత రావచ్చు, అందుకే దాచమంటున్నా.

(చౌరస్తా షాపు నుంచి ఒకరు: ఒకసారి చేసుకుంటే ఎన్నాళ్లు పనిచేస్తుంది అన్నా?)

కొన్ని నెలలకోసారి కొత్త ఐఎస్ఓలు మార్చుకోండి. వెంటాయ్ అప్‌డేట్ నొక్కితే ఐఎస్ఓలు అలాగే ఉంటాయి, ఇన్‌స్టాల్ నొక్కితేనే పోతాయి. మైక్రోసాఫ్ట్ 2011 నాటి సెక్యూర్ బూట్ సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరడం మొదలవుతుంది, వాటి బదులు 2023వి వస్తున్నాయి. ఏళ్ల కిందటి పెన్‌డ్రైవ్ కొన్ని సిస్టంలలో బూట్ కాకపోతే ఆ కోణం కూడా చూడండి.

ఇక ప్రాక్టికల్. పెన్‌డ్రైవ్ తెచ్చినవాళ్లు ఈ బల్లల దగ్గరికి రండి. ఐఎస్ఓలు ఈ హార్డ్ డిస్కులో ఉన్నాయి, నెట్ అక్కర్లేదు. మీ పెన్‌డ్రైవ్‌లలో ఉన్నవి ముందు ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోండి, అయ్యిందని చెప్పాకే వెంటాయ్ తెరుద్దాం.